పులిపిరే కదా అని గిల్లేస్తే...

నా ఒంటి మీద రెండు పుట్టుమచ్చలకు ప్రభుత్వ గుర్తింపు ఉంది. మీకూ ఉండే ఉంటుంది. నమ్మకపోతే పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడండి. గుర్తింపు చిహ్నాలు అని ఒకచోట రెండు లైన్లు ఉంటాయి. నావి కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి దగ్గర ఒకటి. ఆ వివరాలు రాసుకునే రోజున మా క్లాస్ టీచర్ అందరినీ వరసగా నిలబెట్టి "నీకెక్కడరా మచ్చ?" అని అడుగుతుంటే, దొరకని వాళ్లు చొక్కా చేతులు మడిచి మరీ వెతుక్కున్నారు. ఒకడైతే పెన్నుతో పెట్టుకున్నాడు.

పదమూడేళ్లు గడిచాయి. ఆ రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఏ సర్టిఫికెట్‌లోనూ లేనివి మెడ మీద కొత్తగా మొలిచాయి. ఆ సంగతి నాకంటే ముందు మా గల్లీ సెలూన్ అన్నకు తెలిసింది.

"అన్నా, మెడ కాడ ఇవి మస్తుగైనయ్. బ్లేడ్ తాకితే రక్తమొస్తది. దారం కట్టి తెంపెయ్యాల్నా?" అన్నాడు.

వద్దని చెప్పి రూముకొచ్చి ఫోన్ కెమెరాతో మెడ వెనక్కి ఫొటోలు తీసుకున్నా. జూమ్ చేసి లెక్కపెడితే తొమ్మిది. మెత్తగా, ముదురు గోధుమ రంగులో, కొన్ని ఆవగింజంత, ఒకటి మాత్రం మిరియపు గింజంత. సన్నటి కాడతో వేలాడుతున్నాయి. మెడలో వేసుకునే ఆఫీసు ట్యాగ్ ఒకటి, దాని కింద దేవుడిచ్చిన ట్యాగులు తొమ్మిది.

తెనాలిలో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేశా. "ఏముందిరా, పులిపిర్లేగా! సున్నం, చాకలి సోడా కలిపి అగ్గిపుల్లతో అద్దు, రాలిపోతాయి. మీ మావయ్యకి అట్లాగే పోయాయి. లేదంటే తలవెంట్రుక గట్టిగా ముడెయ్యి" అంది. వెనకనుంచి నానమ్మ గొంతు: "చిన్నప్పుడు డాబా మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టమాకురా అంటే విన్నాడా?"

ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, సున్నం మాట కొట్టిపారేశా. చేసిందేమిటంటే ఆన్‌లైన్‌లో ఒక చిన్న సీసా ఆర్డర్ పెట్టడం. 'హెర్బల్, నొప్పి ఉండదు, మచ్చ పడదు, ఏడు రోజుల్లో మాయం' అని రాసుంది. కన్నతల్లి మాట నమ్మని నేను, ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చిన నాలుగున్నర స్టార్లు నమ్మాను. సీసాలో ఏముందో లేబుల్ మీద ఎక్కడా లేదు. ఆ సంగతి తర్వాత చూసుకున్నా.

శుక్రవారం రాత్రి పెద్దదాని మీద రెండు చుక్కలు వేశా. అరగంటకి మంట మొదలైంది. 'పనిచేస్తోంది' అనుకున్నా. తెల్లారేసరికి పొక్కు లేచింది. రెండు వారాలు కాలరున్న చొక్కా వేసుకోలేకపోయా. పులిపిరి ఊడిన మాట నిజమే. దాంతోపాటు చుట్టూ ఉన్న చర్మం కూడా ఊడింది. అక్కడ చింతగింజంత నల్లమచ్చ ఇప్పటికీ ఉంది.

అప్పుడు గానీ చర్మ వైద్యురాలి దగ్గరకి వెళ్లలేదు.

ఒకే పేరు, నాలుగు రకాలు

డాక్టరమ్మ యాభై దాటినావిడ. కాలిన చోటు చూసి తిట్టలేదు. "నెలకి ఇట్లాంటివాళ్లు ఎంతమంది వస్తారో తెలుసా బాబూ" అని మాత్రం అన్నారు. తర్వాత లైటు, భూతద్దం కలిసి ఉన్న చిన్న పరికరం పెట్టి ఒక్కొక్కటీ చూశారు. దాన్ని డెర్మటోస్కోప్ అంటారట.

"పులిపిరి అన్నది ఒకే మాట. కానీ మనవాళ్లు దాన్ని మూడు నాలుగింటికి వాడేస్తారు. ఏదో తెలుసుకోకుండా ఎట్లా తీసేస్తారు?" అన్నారు. నా బుర్రకి వెంటనే ఎక్కింది. ఒకే పేరుతో నాలుగు వేరియబుల్స్ ఉన్న కోడ్‌లో ఏదో ఒకటి డిలీట్ చేస్తే ఏమవుతుందో మాకు తెలుసు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు ఇక్కడ రాస్తున్నా.

మొదటివి నా మెడ మీదున్న రకం. వీటిని స్కిన్ ట్యాగ్స్ అంటారు. చర్మం చర్మంతో రాసుకునే చోట్ల వస్తాయి. మెడ, చంకలు, గజ్జలు, కనురెప్పలు, ఆడవాళ్లలో రొమ్ముల కింద. ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి, అటూ ఇటూ ఊగుతాయి. నొప్పి ఉండదు. ఒకరినుంచి ఒకరికి అంటవు. క్యాన్సర్ కాదు. పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఒకటైనా కనిపిస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు, బరువు పెరిగినప్పుడు ఎక్కువవుతాయి. కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుంటాయి.

రెండోవి అసలు సిసలు పులిపిర్లు. ఇవి వైరస్ వల్ల వస్తాయి. ఆ వైరస్ పేరు హెచ్‌పీవీ. అందులో వందకు పైగా రకాలున్నాయి. వేళ్ల మీద, గోళ్ల పక్కన, మోకాళ్ల మీద గరుకుగా, కాలీఫ్లవర్ ముక్కలా లేస్తాయి. దగ్గరగా చూస్తే లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాటిని 'వేళ్లు' అనుకుంటారు చాలామంది. నిజానికి అవి రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు. ఇవి అంటుకుంటాయి. ఇంకొకళ్లకే కాదు, మనకి మనమే అంటించుకుంటాం. చేతిమీద ఉన్నదాన్ని పళ్లతో కొరికితే పెదవికి రావచ్చు. గడ్డం మీద ఉన్నదాని మీదుగా రేజర్ లాగితే గీత గీసినట్టు వరసగా పది రావచ్చు. సెలూన్‌లో కొత్త బ్లేడ్ వేయమని అడగడానికి మొహమాటపడొద్దు అంటే కారణం ఇదీ.

అరికాల్లో వస్తే దాన్ని ఆనెకాయ అనుకుంటాం. చిన్న తేడా గుర్తుపెట్టుకోండి. నేరుగా నొక్కితే ఎక్కువ నొప్పి పుడితే ఆనె అయ్యే అవకాశం ఎక్కువ. రెండు పక్కలనుంచి వేళ్లతో పిండినట్టు నొక్కితే ఎక్కువ నొప్పి పుడితే వైరస్ పులిపిరి అయ్యే అవకాశం ఎక్కువ.

మూడోవి మొహం మీద, ముఖ్యంగా బుగ్గలమీద, కళ్ల చుట్టూ నల్లటి చిన్న బొడిపెల్లా వచ్చేవి. మా అమ్మకి ఇవే. మీ ఇంట్లో కూడా అమ్మకో పెద్దమ్మకో ఉండే ఉంటాయి. వీటికి డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా అని నోరు తిరగని పేరుంది. డాక్టర్లు డీపీఎన్ అంటారు. 1925లో కాస్టెలానీ అనే ఇటలీ వైద్యుడు వీటి గురించి మొదట రాశాడు. నల్లజాతి వాళ్లలో, మనలాంటి చామనఛాయ వాళ్లలో ఎక్కువ. హాలీవుడ్ నటుడు మోర్గాన్ ఫ్రీమన్ బుగ్గలు గుర్తుకు తెచ్చుకోండి, అవే. తల్లినుంచి పిల్లలకి రావడం మామూలు. వయసుతోపాటు సంఖ్య పెరుగుతుంది. ప్రమాదం ఏమాత్రం లేదు. వయసు మళ్లినవాళ్ల వీపు మీద, ఛాతీ మీద మైనం ముద్ద అతికించినట్టు కనిపించే గోధుమరంగు మచ్చలు కూడా వీటికి చుట్టాలే.

నాలుగోది పుట్టుమచ్చ. చర్మానికి రంగునిచ్చే కణాలు ఒకచోట గుంపుకడితే వచ్చేది. పేరులో పుట్టు ఉంది గానీ చాలా మచ్చలు పుట్టుకతో రావు. చిన్నతనంలో, కుర్ర వయసులో ఒక్కొక్కటీ వస్తుంటాయి. కొన్ని బొడిపెలా ఉబ్బి, మీద వెంట్రుక మొలిచి అచ్చం పులిపిరిలానే కనిపిస్తాయి. అసలు చిక్కంతా ఇక్కడే. మొదటి మూడింటిలో పొరపాటు జరిగితే మచ్చ పడుతుంది. నాలుగోదాంట్లో పొరపాటు జరిగితే ప్రాణం మీదకి రావచ్చు. ఎందుకో కాసేపట్లో చెప్తా.

మట్టి కాదు, సమాచారం

డాక్టరమ్మ పులిపిర్ల దగ్గర ఆగలేదు. మెడ వెనక వేలితో రాసి, "ఈ నలుపు ఎప్పటినుంచీ?" అని అడిగారు.

నాకు సిగ్గేసింది. మెడ చుట్టూ నల్లటి పట్టీ ఇంజినీరింగ్ మూడో ఏడునుంచీ ఉంది. ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా కాస్త మందంగా తగులుతుంది. ఇంటికెళ్లినప్పుడల్లా అమ్మ "మెడ సరిగ్గా రుద్దుకోవట్లేదు నువ్వు" అని శనగపిండి, నిమ్మచెక్క పట్టుకుని వెంటపడేది. నేనూ రుద్దీ రుద్దీ మంట పుట్టించుకున్నా. అది వదల్లేదు.

"అది మట్టి కాదు బాబూ. ఎంత రుద్దినా పోదు" అన్నారావిడ. దాని పేరు అకాంతోసిస్ నైగ్రికాన్స్. ఆ నలుపూ, ఈ పులిపిర్లూ పక్కపక్కనే ఉంటే శరీరంలో ఇన్సులిన్ లెక్క తప్పి ఉండొచ్చని అనుమానించాలట.

ఇదెలా జరుగుతుందంటే... మనం తిన్నదాంట్లోని చక్కెరను కణాల్లోకి పంపే పని ఇన్సులిన్‌ది. బరువు పెరిగి, కదలిక తగ్గినప్పుడు కణాలు దాని మాట వినడం మానేస్తాయి. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. పిలిస్తే పలకనివాణ్ణి ఇంకాస్త గట్టిగా పిలిచినట్టు. రక్తంలో అలా పేరుకున్న ఇన్సులిన్ చర్మంలోని ఎదుగుదల మీటల్ని కూడా నొక్కేస్తుంది. చర్మ కణాలు అవసరానికి మించి పెరుగుతాయి. మెడ మందమై నల్లబడుతుంది. మడతల్లో స్కిన్ ట్యాగులు మొలుస్తాయి. ఈ దశలో షుగర్ టెస్టు చేయిస్తే రిపోర్టు మామూలుగానే రావచ్చు కూడా. ఎందుకంటే క్లోమం ఇంకా గట్టిగా అరుస్తూ నెట్టుకొస్తోంది. అంటే కొందరిలో షుగర్ రిపోర్టు కంటే ఏళ్ల ముందే మెడ చెప్పేస్తుందన్నమాట.

నా బరువు, నడుం కొలిచారు. ఉద్యోగంలో చేరిన ఆరేళ్లలో 16 కిలోలు పెరిగా. మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క, 25 దాటితే ఊబకాయం. నడుం కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. నాది 98. హెచ్‌బీఏ1సీ పరీక్ష రాశారు. గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష అది. 5.7 కంటే తక్కువుంటే మామూలు. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ గుమ్మం ముందు నిలబడ్డట్టు. 6.5, ఆపైన అయితే లోపలికి వచ్చేసినట్టు.

నాకు 6.1 వచ్చింది.

తిరుమల ఫొటో

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అంకె చూసి కాదు, ఒక ఫొటో గుర్తొచ్చి.

నాకు ఆరేళ్లప్పుడు తిరుమలలో తీసిన ఫొటో అది. నేనూ గుండే, నాన్నా గుండే. నన్ను భుజాల మీద ఎక్కించుకుని నాన్న పక్కకి తిరిగి నవ్వుతున్నాడు. ఇంటికి ఫోన్ చేసి ఆ ఫొటోని వాట్సాప్‌లో పంపమన్నా. పెద్దది చేసి చూశా. గుండు చేయించడంతో మెడంతా స్పష్టంగా కనిపిస్తోంది. నల్లటి పట్టీ. దాని మీద బొడిపెలు. చిన్నప్పుడు ఆయన వీపెక్కి ఆడుకుంటూ ఆ పులిపిర్లు పట్టుకు లాగేవాణ్ణి. "ఒరేయ్, నొప్పిరా" అనేవాడు నవ్వుతూ.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన కాలికి చెప్పు ఒరుసుకుని పుండు పడింది. నెలన్నరైనా మానలేదు. ఆస్పత్రికెళ్తే షుగర్ మూడొందలు దాటి ఉంది. అప్పటిదాకా ఆయనకి షుగర్ ఉందని ఎవరికీ తెలియదు. కాలి వేలొకటి తీసేయాల్సొచ్చింది. చాన్నాళ్లు స్టీరింగ్ పట్టలేదు.

ఫొటోకీ ఆ పుండుకీ మధ్య ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ నాన్న మెడ మీద సంగతి రాసే ఉంది. ఇంట్లో అందరం చూశాం. నేనైతే పట్టుకు లాగాను కూడా. చదవడమే ఎవరికీ రాలేదు.

ఒక మాట తూకంగా చెప్పాలి. మెడ మీద ఒక పులిపిరి ఉన్నంత మాత్రాన షుగర్ వస్తుందని కాదు. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ ఇవి వస్తాయి. కానీ సంఖ్య పెరుగుతుంటే, పక్కన నలుపు కూడా ఉంటే, ఇంట్లో షుగర్ చరిత్ర ఉంటే ఒక రక్త పరీక్ష చేయించుకోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. అమ్మాయిల్లో వీటికి తోడు నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ కూడా అయి ఉండొచ్చు, గైనకాలజిస్టుకి చెప్పాలి. ఐసీఎంఆర్ దేశమంతా తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. నాలాగా గుమ్మం ముందున్నవాళ్లు 13.6 కోట్లు. గుమ్మం ముందున్నప్పుడే వెనక్కి తిరగడం తేలిక.

తీయించుకోవాలంటే...

స్కిన్ ట్యాగులు తీయించుకుని తీరాలని లేదు. గొలుసుకో కాలరుకో తగిలి రక్తం వస్తుంటే, లేదా చూడ్డానికి ఇబ్బందిగా అనిపిస్తే తీయించుకోవచ్చు. మత్తు క్రీమో ఇంజెక్షనో ఇచ్చి సన్నటి కత్తెరతో కత్తిరిస్తారు, లేదా రేడియోఫ్రీక్వెన్సీతో కాల్చేస్తారు. నావి ఆరు తీయడానికి పావుగంట పట్టింది. ఆరోగ్య బీమా సాధారణంగా దీనికి వర్తించదు, అందం కోసం చేసే చికిత్స కింద లెక్కేస్తారు. తీసింది మళ్లీ అక్కడే రావడం అరుదు. కానీ లోపలి కారణం అలాగే ఉంటే పక్కన కొత్తవి వస్తాయి.

వైరస్ పులిపిర్ల సంగతి వేరు. పిల్లల్లో వచ్చేవి చాలావరకు రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి, శరీరమే వైరస్‌ని గుర్తుపట్టి తరిమేస్తుంది. అందుకే ఇన్ని ఇంటివైద్యాలు 'పనిచేశాయి'. గుళ్లో ఉప్పు మొక్కుకున్నా, హోమియో మాత్రలు వేసుకున్నా, వంకాయ ముక్క రుద్దినా, పోయే సమయానికి ఏది చేస్తుంటే పేరు దానికే వస్తుంది. ఆగలేకపోతే శాలిసిలిక్ యాసిడ్ ద్రావణం ఉంది. గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టి, పైపొర మెల్లగా గీకి, పులిపిరి మీద మాత్రమే రోజూ రాయాలి. ఒకట్రెండు రోజుల్లో పోదు, మూడు నెలల దాకా ఓపిక పట్టాలి. గీకిన రాయిని మామూలు చర్మం మీద వాడొద్దు. మొహం మీద వాడొద్దు. షుగర్ ఉన్నవాళ్లు కాళ్ల మీద సొంతంగా అస్సలు వాడొద్దు. డాక్టర్ దగ్గరైతే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది.

అడగడానికి సిగ్గుపడే మాట ఒకటుంది, నేనే చెప్పేస్తా. జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లు కూడా హెచ్‌పీవీ వల్లే. ఎక్కువగా 6, 11 రకాలు. వాటి మీద మార్కెట్లో దొరికే ఏ మందూ సొంతంగా పూయొద్దు. చర్మవైద్యులు రోజూ చూసేవే అవి, మీరు మొదటివాళ్లు కాదు. భాగస్వామికి కూడా చెప్పాలి. ఈ రెండు రకాలనుంచీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలనుంచీ కాపాడే టీకా మన దేశంలోనే తయారవుతోంది. దాని పేరు సెర్వావ్యాక్.

ఇక మా అమ్మ బుగ్గల మీదివి. సన్నటి సూదితో చాలా తక్కువ కరెంటు ఇచ్చి కాలిస్తే పోతాయి. కాకపోతే మన రంగు చర్మానికి ఏ చిన్న దెబ్బ తగిలినా నల్లమచ్చో తెల్లమచ్చో మిగిలే అవకాశం ఉంది. కాబట్టి బ్యూటీ పార్లర్‌లో కాకుండా అనుభవమున్న చర్మవైద్యుల దగ్గరే చేయించుకోవాలి. కొత్తవి రాకుండా ఆపే మందు లేదు. ఇదంతా అమ్మకి చెప్పి తీయిద్దామా అని అడిగా. "మా అమ్మ మొహం మీద కూడా ఇట్లాగే ఉండేవిరా. అద్దంలో చూసుకుంటే ఆవిడే గుర్తొస్తుంది. ఉండనీ" అంది. ఆ తర్వాత ఇంకేం మాట్లాడాలో నాకు తెలియలేదు.

చేయకూడనివి మాత్రం మూడు గట్టిగా చెప్తా. సున్నం, సోడా కలిస్తే తయారయ్యేది ఘాటైన క్షారం. పులిపిరినీ, మంచి చర్మాన్నీ వేరు చేసి చూడటం దానికి తెలియదు. వెంట్రుకో దారమో కట్టి రోజుల తరబడి ఉంచితే నొప్పి, చీము. షుగర్ ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. ఇక నేను కొన్నలాంటి సీసాలు. ఇంట్లో సొంతంగా పుట్టుమచ్చలు, స్కిన్ ట్యాగులు తీసేసుకోవడానికి తాము అనుమతించిన మందు ఒక్కటి కూడా లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. నా మెడ మీద చింతగింజ దానికి సాక్ష్యం.

తీయకూడనిది, చూపించాల్సినది

ఇప్పుడు నాలుగోదాని సంగతి. పుట్టుమచ్చల్లో దాదాపు అన్నీ నిరపాయమైనవే. కానీ చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమా కొన్నిసార్లు మామూలు మచ్చ వేషంలోనే వస్తుంది. మనలో అది తెల్లవాళ్లలో కంటే చాలా తక్కువ. ఆ ధీమాతోనే ఆలస్యంగా బయటపడుతుంది. పైగా మనలో ఎక్కువగా వచ్చే చోట్లు ఎండ తగిలే మొహం, వీపు కావు. అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద.

గాయకుడు బాబ్ మార్లీ టీషర్టులు వేసుకునేవాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింద మచ్చ కనిపించింది. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు. అది మెలనోమా. 1981లో చనిపోయేనాటికి ఆయన వయసు 36.

ఏది చూపించాలి? మచ్చని ఊహలో సగానికి మడిస్తే రెండు సగాలూ ఒకదానిమీద ఒకటి సరిపోకపోవడం. అంచులు వంకర టింకరగా ఉండటం. ఒకే మచ్చలో రెండు మూడు రంగులు. 6 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు, అంటే పెన్సిల్ వెనక రబ్బరు కంటే పెద్దది. అన్నిటికంటే ముఖ్యమైనది మార్పు. పెరగడం, రంగు మారడం, దురద, దానంతటదే రక్తం కారడం. గోరు మీద కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లటి గీత కూడా ఈ లెక్కలోనే. వీటిలో ఏది కనిపించినా చర్మవైద్యులకి చూపించండి.

అలాంటి మచ్చని యాసిడ్‌తోనో లేజర్‌తోనో కాల్చేయకూడదు. కాల్చేస్తే ల్యాబుకి పంపడానికి ముక్కే మిగలదు. సర్వర్ ఎందుకు పడిపోయిందో చూడకుండా లాగ్ ఫైల్ డిలీట్ చేసినట్టే. పైన మచ్చ పోతుంది, కింద ఏముందో ఎవరికీ తెలియదు. అనుమానమున్నదాన్ని కోసి తీసి బయాప్సీకి పంపుతారు. 'మచ్చని కోస్తే క్యాన్సర్ అవుతుంది' అని మనవాళ్లు భయపెడతారు గానీ అది అపోహ. మామూలు మచ్చ కోసినంత మాత్రాన క్యాన్సర్‌గా మారదు. లోపల ముందే ఉన్నది కోశాక బయటపడితే, నింద కత్తి మీద పడిందంతే.

మార్పు తెలియాలంటే పాత రికార్డు కావాలి. ఫోన్ ఉంది కదా. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి, వెలుతురులో ఒక ఫొటో తీసి ఆల్బమ్‌లో దాచుకోండి. ఆర్నెల్లకోసారి మళ్లీ తీయండి. రోజుకి ఇరవై సెల్ఫీలు దిగేవాళ్లం, ఏడాదికి రెండుసార్లు అరికాళ్లకి కూడా ఛాన్స్ ఇద్దాం. నా మొదటి రికార్డు పదో తరగతి సర్టిఫికెట్టే. ఆ రెండు మచ్చలూ అక్కడ రాసినచోటే, అలాగే ఉన్నాయి. ఫర్వాలేదు.

ఆర్నెల్ల తర్వాత

రాత్రి అన్నం సగం చేశా. పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టే యాప్ తీసేశా. మీటింగుల్లో కెమెరా ఆఫ్ ఉంటే నడుస్తూ వింటున్నా. వారానికి మూడు రోజులు బరువులు ఎత్తుతున్నా. 7 కిలోలు తగ్గా. మొన్న హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. గుమ్మం ఇంకా పూర్తిగా దిగలేదు గానీ మెట్టు దగ్గరున్నా. మెడ మీద నలుపు పలచబడింది. సెలూన్ అన్నే ఆ మాట అన్నాడు. మిగిలిన రెండు స్కిన్ ట్యాగులు మాత్రం అలాగే ఉన్నాయి. బరువు తగ్గితే కొత్తవి రావడం తగ్గొచ్చు గానీ ఉన్నవి సాధారణంగా వాటంతటవి రాలిపోవు. వాటిని కావాలనే వదిలేశా. బిర్యానీ యాప్ మీదకి మళ్లీ వేలు పోయినప్పుడల్లా మెడ తడుముకుంటున్నా.

పోయిన నెల ఇంటికెళ్తే పిన్ని వాళ్లొచ్చారు. వాళ్లబ్బాయి ఇంటర్. కాస్త బొద్దుగా ఉంటాడు. వాడు స్నానం చేసి రాగానే పిన్ని మెడ చూసి, "ఎన్నిసార్లు చెప్పినా మెడ రుద్దడు అక్కా వీడు, చూడు ఎట్లా ఉందో" అంది. వాడు తువ్వాలు మెడ చుట్టూ కప్పుకుని తల దించేశాడు. ఆ తల దించడం నాకు బాగా తెలుసు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"ఇంకెప్పుడూ వాణ్ణి ఆ మాట అనమాకే. అది మట్టి కాదు. పొద్దున్నే పరగడుపున తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయించు."